పదకొండు మీద రెండు గీతలు

తొమ్మిదేళ్ళుగా నేనొక బరువు మోస్తున్నాను. బరువు అనగానే మీరు పెద్దదేదో ఊహించుకుంటారేమో. నాది రెండు గీతల బరువు. బాల్‌పెన్నుతో గీసినవి. ఒకటి ఏటవాలుగా, ఒకటి అడ్డంగా. గీయడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఆ రెండు గీతలతో ఒక పెద్దమనిషికి తన తలకాయ మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఆయన ఈ వేసవిలో చనిపోయాడు. ఆ నమ్మకం తిరిగి రాకుండానే చనిపోయాడు.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు. ప్రార్థనలో కూడా నేరుగా చెప్పలేదు. తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించు ప్రభువా అని గుంపులో గోవిందలా దాన్నీ కలిపేస్తూ వచ్చాను. తెలియక చేసింది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, పైన ఉన్నవాడికీ తెలుసు, అయినా ఇద్దరం తెలియనట్టే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాం. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకుండా పేరు దాస్తున్నాను. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా నా జాగ్రత్త నేను మానలేదు.

నేను కడపలో దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారు ఆఫీసుకు దగ్గర్లో చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఇప్పుడంతా కంప్యూటరే గానీ, మా నాన్న దగ్గర నేను నేర్చుకున్నది చేతిరాత. ఆయన నేర్పిన మొదటి పాఠం దిద్దుబాటు. రాసినదాంట్లో తప్పు దొర్లితే దాని మీదే గీకి ఊరుకోకూడదు. ఫలానా పేజీలో ఫలానా వరుసలో ఉన్న మాటను ఇలా దిద్దడమైనది అని పత్రం చివర రాయాలి. దాని కింద సంతకం ఉండాలి. అలా చెప్పకుండా దిద్దితే అది దొంగతనమే అనేవాడు నాన్న. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని పత్రాలు రాశానో లెక్కలేదు. ఒక్కదాంట్లోనూ ఆ నియమం తప్పలేదు. ఒక్కసారి తప్పాను. అదీ పత్రంలో కాదు, సంగీతం రాసుకున్న నోటుపుస్తకంలో.

మా చర్చి పాతది. మా తాతల కాలంలో ఇక్కడ పనిచేసిన దొరసానులు వెళ్ళిపోతూ ఒక పియానో, రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వదిలిపోయారు. వాటిని వాయించేవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూ వచ్చారు. మా తరంలో నలుగురం. మొదటి వయొలిన్ ఎలీషా, బడిలో డ్రిల్లు మాస్టరు. రెండో వయొలిన్ రూతమ్మ, నర్సు. వయోలా నాది. అది వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త మందం, అందరితో కలిసి మోగుతుందే తప్ప విడిగా ఎవరి చెవినా పడదు. ఇక మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో, జీవరత్నం సారుది.

జీవరత్నం సారు డోన్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కడపలో కూతురు సుగుణ ఇంట్లో ఉండేవాడు. మా పాటల బృందానికి పెద్ద ఆయనే. డెబ్బై దాటినా సైకిలు మీదే తిరిగేవాడు. నెలకోసారి రైలెక్కి డోన్ పోయి పాత స్నేహితులతో టీ తాగి వచ్చేవాడు. గార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది, చేతిలో కాగితం మీద ఏముంటే అదే నడవాలి ఆయనకు. చెవి ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి చెబితే కాగితమే ఖాయం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

మా నలుగురిలో విదేశీ సంగీతపు అయిదు గీతల రాత చదవడం నా ఒక్కడికే వచ్చు. మిగతావాళ్ళకు సోల్ఫానే. అంటే డో, రే, మీ అని స్వరాలను తెలుగు అక్షరాల్లో గళ్ళు గీసి రాసుకోవడం. మా చర్చిలో తరాలుగా అదే అలవాటు. కొత్త సంగీతం ఏది వచ్చినా నేను కూర్చుని, ఒక్కొక్కరి భాగాన్ని ఒక్కొక్క పొడుగు నోటుపుస్తకంలోకి దించేవాణ్ణి. తాళంలో ఒక చుట్టును మేం బారు అంటాం. వాయించకుండా ఆగాల్సిన చోట ఎన్ని బార్లు ఆగాలో చిన్న చతురస్రం గీసి అందులో అంకె వేస్తాను. పత్రాల్లో అయితే అంకె పక్కన అక్షరాల్లో కూడా రాస్తాం, ఎవరూ దిద్దకుండా. నోటుపుస్తకంలో అంత అవసరమేముందని అంకె ఒక్కటే వేసేవాణ్ణి.

ఆ ఏడు చర్చి వార్షికోత్సవానికి ఐరీన్ గారు వస్తానన్నారు. మద్రాసులో పెద్ద పెద్ద హాళ్ళలో పియానో కచేరీలు చేసే మనిషి. వాళ్ళ అవ్వ మా చర్చిలో బాప్తిస్మం తీసుకున్న మనిషట, ఆ మమకారం. ఒక్కదాన్నే వాయించను, మీ నలుగురితో కలిసి వాయిస్తాను అని ఒక జర్మన్ ఆయన రాసిన సంగీతం పంపించారు. నాలుగు తీగవాద్యాలు, ఒక పియానో. ముప్ఫై అయిదు నిమిషాలు. నాకు అయిదు నెలలు పట్టింది దాన్ని సోల్ఫాలోకి దించడానికి. ఆఫీసు పని ముగించుకుని రోజూ గంట, గంటన్నర. మెడ పట్టేసేది. ఎవరూ రాయమని బతిమాలలేదు, నిజమే. కానీ రాశాక ఎవరైనా ఒక మాట అంటారని కూడా మనసు ఎదురుచూస్తుంది కదా?

ఐరీన్ గారు గురువారం వచ్చారు, కచేరీ శనివారం. ఎండలకు చెక్క ఎండి వయొలిన్ల తీగలు బిగించే బిరడాలు జారిపోతుంటే సుద్దముక్క రుద్ది బిగించుకున్నాం. కిటికీలకు తడి తువ్వాళ్ళు కట్టాం. మొదటి రోజు రిహార్సల్లోనే ఆవిడ జీవరత్నం సారు వైపు తిరిగి అలా చూస్తూ ఉండిపోయారు. మధ్యలో నెమ్మదిగా నడిచే భాగం ఒకటి ఉంది. అక్కడ పియానో, మా మూడు వాద్యాలు మెల్లగా నడుస్తుంటే చెల్లో పద్నాలుగు బార్లు నోరు మూసుకుని ఉంటుంది. పదిహేనో బారులో అది పాట ఎత్తుకుంటుంది. సారు ఎత్తుకున్నప్పుడు రూతమ్మ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అంత బాగా వాయించాడు.

సారుకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయి కొద్ది నెలలే. పాత పుస్తకంలో అక్షరాలు చిన్నవి, పైగా పెన్సిలు గుర్తులతో నిండిపోయింది. కచేరీకి పెద్దక్షరాలతో కొత్తది రాసివ్వమని అడిగాడు. శుక్రవారం సాయంత్రం కూర్చుని రాశాను. మధ్యలో పత్రం రాయించుకునే ఒక పార్టీ నుంచి ఫోను, వాళ్ళ సరిహద్దుల గొడవ. ఫోను పెట్టేసి మళ్ళీ పెన్ను పట్టుకున్నప్పుడు పద్నాలుగు రాయాల్సిన చతురస్రంలో పదకొండు రాశాను. అది పొరపాటు. ఇక్కడి వరకు నేను నిర్దోషిని. ఈ వాక్యం రాస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దీని తర్వాత ఇలాంటి వాక్యం నాకు దొరకదు.

శనివారం పొద్దున చివరి రిహార్సలు. సారు పాత పుస్తకంతోనే వాయించాడు. టీలు వచ్చాయి. ఐరీన్ గారు రూతమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుని, ఈ చేతిరాత ఎవరిది, ముత్యాల్లా ఉంది అన్నారు. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు జీవరత్నం సారు నవ్వుతూ, మా రైటరుదమ్మా, వాడు రాసేది ఎక్కువ, వాయించేది తక్కువ అన్నాడు. అందరూ నవ్వారు. ఐరీన్ గారూ నవ్వారు. నేనూ నవ్వాను.

అంతే. జరిగింది అంతే. ఏదైనా పెద్ద అవమానం ఉంటుందని మీరు ఎదురుచూస్తుంటే క్షమించండి, లేదు. ఆయన రోజూ నన్ను ఏడిపించే మనిషే. రైటరప్పా అని భుజం మీద చరిచే మనిషే. మరి ఆ రోజు ఆ మాట ఎందుకు అంత లోపలికి దిగింది? అయిదు నెలల మెడనొప్పి ఒక నవ్వులో కొట్టుకుపోయిందనా? పెద్దావిడ ముందర అన్నాడనా? లేక ఆయన అన్నది నిజం కాబట్టా? తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాను, నాకు నేనే రోజుకొక జవాబు చెప్పుకుంటున్నాను.

సాయంత్రం నాలుగింటికి నేను ఒక్కణ్ణే చర్చిలో ఉన్నాను. పుస్తకాలను స్టాండ్ల మీద పెట్టడం నా పని. పెట్టే ముందు కొత్తగా రాసినదాన్ని అసలుతో పోల్చి చూడటం నాకు వృత్తి అలవాటు. పోల్చాను. పదకొండు కనిపించింది. అమ్మో, చూసుకున్నాను కాబట్టి సరిపోయింది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. జేబులో పెన్ను ఉంది. మూత తీశాను కూడా.

మళ్ళీ మూత పెట్టేశాను.

ఎందుకు పెట్టానో చెబుతాను, నమ్మండి. ఆయన్ని నలుగురిలో తలవంచుకునేలా చేయాలని కాదు. ఒక్కచోట తడబడతాడు, వెంటనే సర్దుకుంటాడు, తర్వాత అందరూ పుస్తకం తెరిచి చూస్తారు, ఒక్క అంకె తేడా వస్తే ఇంత అవుతుందా, రాసేవాడి మీద ఇంత ఆధారపడి ఉందా అని అనుకుంటారు. అదీ నా ఊహ. నా తప్పును నేనే బయటపెట్టుకుని నా విలువ పెంచుకుందామనుకున్నాను. ఇంత తెలివితక్కువ పథకం ఇంకెవరైనా వేస్తారా? అది పథకమా, లేక పగకు నేను తొడిగిన చొక్కానా? పుస్తకాన్ని సారు స్టాండు మీద పెట్టి, ఆ పేజీకి గుర్తుగా రిబ్బను కూడా పెట్టాను.

చర్చి నిండిపోయింది. బెంచీలు చాలక జనం కింద బండల మీద కూర్చున్నారు. బిషప్ గారు ముందు వరసలో. మొదటి భాగం చక్కగా సాగింది. నెమ్మది భాగం మొదలైంది. నా వయోలా వాయిస్తూనే నేను బార్లు లెక్కపెడుతున్నాను. ఎనిమిది. తొమ్మిది. పది. ఇప్పుడైనా దగ్గవచ్చు, తల ఊపవచ్చు, కాలితో నేల తట్టవచ్చు. పదకొండు. సారు విల్లు ఎత్తాడు. ఒక్క క్షణం ఆయన కనుబొమలు ముడిపడటం చూశాను. చెవి వద్దంది. కాగితం ఊఁ అంది. ఆయన కాగితాన్ని నమ్మాడు.

ఆ స్వరం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. పియానో అంత మెల్లగా నడుస్తున్న చోట చెల్లో నిండు గొంతుతో, తప్పు చోట, ఎవరో నిద్రలో అరిచినట్టు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సారు ఆపేశాడు. మళ్ళీ అందుకోబోయాడు, దొరకలేదు. ఐరీన్ గారు చేతులు ఎత్తి అందరినీ ఆపి, నవ్వుతూ మొదటి నుంచి అన్నట్టు సైగ చేశారు. నెమ్మది భాగం మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు ఆయన చెవిని నమ్ముతాడు, తప్పకుండా నమ్ముతాడు అనుకున్నాను. ఆయన పుస్తకం మీదికి ఇంకా దగ్గరగా వంగాడు. పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాడు. సరిగ్గా పదకొండు కాగానే మళ్ళీ ఎత్తుకున్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. ఐరీన్ గారు ఆపకుండా వాయించుకుంటూ పోయారు, మేం ముగ్గురం వెంట పరిగెత్తాం. జీవరత్నం సారు విల్లును మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, చివరి వరకు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అయిదుగురి సంగీతాన్ని నలుగురం ముగించాం. జనం చప్పట్లు కొట్టారు. జాలితో కొట్టే చప్పట్లకు వేరే చప్పుడు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

పుస్తకాలు పోగుచేసి వెస్ట్రీలోకి, అంటే చర్చి వెనక అయ్యగారి గదిలోకి, నేనే ముందు వెళ్ళాను. బయట జనం గోల. నేను ఊహించింది జరగబోతోంది, ఇప్పుడు పుస్తకం తెరుస్తారు, పదకొండు చూస్తారు. కానీ ఊహలో లేనిదొకటి అప్పుడే తట్టింది. తప్పు రాసిన రైటరు అని ఊరంతా అంటుంది. అంకె తప్పు రాసేవాడి దగ్గరికి పొలం పత్రం రాయించుకోవడానికి ఎవరొస్తారు? బిషప్ గారు కూడా చూశారే. ఆ భయంలో ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. రిబ్బను ఉన్న పేజీ తెరిచాను. అదే పెన్ను. రెండో ఒకటికి ఒక ఏటవాలు గీత, ఒక అడ్డగీత. పదకొండు పద్నాలుగైంది. నా చేతిరాత మంచిది కదా, చాలా చక్కగా అతికింది.

పుస్తకం మూసేలోగా ఐరీన్ గారు, సారు లోపలికి వచ్చారు. ఈ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"సార్, ఒకసారి మీ పుస్తకం చూద్దామా?" అన్నారు ఐరీన్ గారు. "రెండుసార్లూ సరిగ్గా మూడు బార్ల ముందే వచ్చారు. లెక్క తప్పినవాళ్ళు రెండుసార్లు ఒకేలా తప్పరు."

"పుస్తకంలో తప్పుండదు మ్మా," అన్నాడు సారు. "మా రైటరు రాసినాడు. వాని చేతిలో తప్పు పోదు. నేనే తప్పినా."

"మీరు ఎన్ని బార్లని లెక్కపెట్టారు?"

"పదకొండు. ఆడ పదకొండని ఉన్నట్లుండాది."

ఆవిడ నా వైపు చెయ్యి చాచారు. పుస్తకం ఇచ్చాను. ఆవిడ పేజీ చూసి సారుకు అందించారు. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి, కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమప్పా రైటరూ, నువ్వేం రాసినావు ఈడ?"

"పద్నాలుగే సార్," అన్నాను. "పద్నాలుగే రాసినా."

"పద్నాలుగే ఉండాది," అన్నాడు ఆయన మెల్లగా. "నా కండ్లకు మాత్రం పదకొండే కనపడినాది. రెండుతూర్లు చూస్తి. రెండుతూర్లూ పదకొండే." బొటనవేలితో ఆ అంకెను ఒకసారి తడిమాడు. "అయితే నాకేమో అయిందప్పా."

ఆయన మొహం చూశారా మీరు? చూడలేదు. నేను చూశాను. నలుగురిలో అభాసుపాలైన మనిషి మొహం కాదది. అంతకంటే లోతుగా ఏదో తెగింది. తన కళ్ళు తనకు అబద్ధం చెప్పాయని అప్పుడే నమ్మిన మనిషి మొహం. నేను చేసింది ఇదా? ఇది చేయడానికా గీసింది? అప్పుడైనా నోరు తెరవచ్చు. సార్, మీకేం కాలేదు అంటే చాలు. మూడు మాటలు. నేను వంగి కింద పడిన పెన్ను మూత వెతుక్కున్నాను.

ఆ రోజు తర్వాత ఆయన చెల్లో ముట్టలేదు. ఖాకీ గుడ్డలో చుట్టి చర్చి మెట్ల కింద పెట్టేశాడు. పాటల బృందం పెద్దరికం వదిలేశాడు. అది ఎవరికి వచ్చిందో చెప్పాలా? నాకు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఆయన నిలబడిన చోట నేను నిలబడి చెయ్యి ఊపుతున్నాను. ఆ పుస్తకాన్నీ, నాకేమో అయింది అన్న మాటనూ ఆయన ఇంటికి తీసుకుపోయాడు. ఇంట్లోవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు. కర్నూలులో ఒక డాక్టరుకు చూపించారు. వయసు కదా, కనిపెట్టి ఉండండి అన్నాడట ఆయన. కనిపెట్టి ఉండటం మొదలుపెట్టాక ఏ మనిషిలో మాత్రం తేడా కనపడదు? కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోతే అదిగో అన్నారు. ఒక పేరు గుర్తు రాకపోతే చూశారా అన్నారు. డోన్ ప్రయాణాలు ఆగిపోయాయి. సైకిలు ఆగిపోయింది. చర్చికి కూడా సుగుణ చెయ్యి పట్టుకుని వచ్చేవాడు. నడక తిన్నగానే ఉండేది, అయినా చెయ్యి పట్టుకునేవాడు. నన్ను చూస్తే, బాగుండావా రైటరప్పా అని ఎప్పటిలాగే పలకరించేవాడు. భుజం మీద చరచడం మాత్రం మానేశాడు. నేను తలూపి పుస్తకాల్లో తలదూర్చేవాణ్ణి. అదీ నా తొమ్మిదేళ్ళ ఘనకార్యం.

ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో రాస్తే మీరు నవ్వుతారు. ఒకసారి వాళ్ళ వీధి మలుపు వరకు వెళ్ళి, దుకాణంలో అక్కర్లేని సబ్బు కొనుక్కుని తిరిగొచ్చాను. పెద్దాయనకు ఈ వయసులో ఇదంతా గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకని సర్దిచెప్పుకున్నాను. ఆయన బాధ గురించి నేను ఆలోచించానట!

వేసవిలో పోయాడు. నిద్రలోనే పోయాడన్నారు. సమాధి దగ్గర పాట నేనే నడిపించాను. నెల తర్వాత సుగుణ నన్ను పిలిచి ఒక సంచీ చేతిలో పెట్టింది. నువ్వు రాసిన పుస్తకాలన్నా, నాయన ఎవరినీ ముట్టుకోనీలేదు, నీ దగ్గరే ఉండనీ అంది. ఆఫీసు గదికి తీసుకుపోయి తెరిచాను. పైనే ఉంది, పెద్దక్షరాల పుస్తకం. రిబ్బను అదే పేజీలో ఉంది. పద్నాలుగు అలాగే ఉంది. బొటనవేలు తడిమి తడిమి ఆ చోట కాగితం నునుపెక్కి నల్లబడింది.

తర్వాత వెనక ఖాళీ పేజీలు తిప్పాను.

పేజీల నిండా పెన్సిలు గీతలు. చిన్న చిన్న నిలువు గీతలు, వరుసలు వరుసలు. మొదట అర్థం కాలేదు. ఒక వరుస లెక్కపెట్టాను, పద్నాలుగు. కింది వరుస, పద్నాలుగు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. పుస్తకం వెనక అట్ట నుంచి వెనక్కి వెనక్కి, చోటు ఉన్నంతవరకు. పొద్దున ప్రార్థన అయ్యాక నాయన గోడగడియారం ముందర కూర్చుని మోకాలు తట్టుకుంటూ ఏదో లెక్కపెట్టుకుంటాండె, డాక్టరు చెప్పిన జబ్బు అదేననుకుంటిమి అని సుగుణ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. జబ్బు కాదు. ఆయన తనను తాను పరీక్ష చేసుకుంటున్నాడు. పద్నాలుగు వరకు తప్పకుండా లెక్కపెట్టగలనా లేదా అని రోజూ.

ఆ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని ప్రతి వరుసా లెక్కపెట్టాను. పత్రాన్ని సరిచూసినట్టు వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒక్క వరుసలోనూ పదమూడు లేవు. ఒక్క వరుసలోనూ పదిహేను లేవు. ఆ మనిషి ఒక్కరోజు కూడా తప్పలేదు. రోజూ సరిగ్గా లెక్కపెట్టి, సరిగ్గా ఉందని కళ్ళారా చూసుకుని, అయినా తనను తాను నమ్మలేదు. ఎందుకంటే కాగితం మీద నా చేతిరాత ఇంకోలా చెబుతోంది. ఇంత మంచివాడికి నేనా ఇది చేసింది? ఈ చెయ్యేనా? చెయ్యి వైపు చూసుకున్నాను. మామూలు చెయ్యే. సిరా మరక ఉంది.

పెన్ను తీసుకున్నాను. రెండు గీతలున్న పేజీ అడుగున, మా నాన్న నేర్పినట్టు రాశాను. ఈ పేజీ మూడో వరుసలో మొదట పదకొండు అని ఉండగా దానిని పద్నాలుగుగా దిద్దడమైనది. పదకొండు అని తప్పు రాసినది నేను. చూసి కూడా చెప్పనిది నేను. కచేరీ అయిన తర్వాత వెస్ట్రీ గదిలో దిద్దినది నేను. జీవరత్నం సారు చదివినది సరియే. అంకెల పక్కన ఈసారి అక్షరాల్లో కూడా రాశాను. కింద ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను.

నిన్న సాయంత్రం పుస్తకం తీసుకుపోయి సుగుణకు ఇచ్చాను. ఆ పేజీ తెరిచి ఇచ్చాను. ఆమె గడపలో నిలబడే చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆమె నా వైపు చూడలేదు. వరండాలో గోడకు ఆనించి, గాలి పోయిన టైర్లతో ఉన్న సైకిలు వైపు చూసింది.

"సైకిలు బీగంచెవి నేనే దాచిపెట్టినా అన్నా," అంది. "రోజూ అడుగుతాండె. నువ్వే యాడనో పెట్టి మర్చిపోయినావు నాయనా అని చెప్తాంటి. అవునేమో మ్మా అంటాండె."

పుస్తకం మూసి గుండెకు అదుముకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు, రమ్మనలేదు. నేను కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. నడుస్తుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంది. అలా తేలిగ్గా ఉన్నందుకు సిగ్గేసింది.